పచ్చ పిడి బాణలి

పచ్చ పిడి ఉన్న స్టీలు బాణలి శుక్రవారం నాడు పోయింది.

ఆ హోటలు వంటింట్లో బాణళ్లు పదహారు. మిగతా పదిహేనింటిలో ఏది పోయినా పొద్దుగూకేసరికి మరిచిపోయేవారు. ఇది అలాంటిది కాదు. పొయ్యిల వరసకు దూరంగా, కిటికీ పక్కన, దానికంటూ ఒక కొక్కెం ఉంది. ఆ కొక్కెం చుట్టూ గోడకు పచ్చరంగు వేశారు. తిండిలో ఫలానాది తమ ఒంటికి పడదని ముందే చెప్పి కూర్చున్నవాళ్లకు మాత్రమే అందులో వండుతారు. తక్కిన వేళల్లో అది అత్తారింట్లో కొత్తల్లుడిలా పనీపాటా లేకుండా మెరుస్తూ ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం కొక్కెం ఖాళీగా కనిపించింది. అటక మీద, సింకు కింద, బియ్యం డబ్బాల వెనక వెతికారు. లేదు. శనివారం యజమాని బజారంతా తిరిగి, ఆ సైజులో స్టీలుది దొరక్క ఇనుప బాణలి కొనుక్కొచ్చాడు. పిడికి పచ్చ టేపు చుట్టి అదే కొక్కేనికి తగిలించాడు.

ఆదివారం మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి తన మామూలు బల్ల దగ్గర కూర్చుంది. ఆ బాణలిలో ఆమె కోసం వండిన కూరగాయల అన్నం నాలుగు చెంచాలు తిన్నది. ఐదో చెంచా ఎత్తేలోగా పెదవులు వాచాయి, గొంతు బిగుసుకుంది. సంచిలో ఎప్పుడూ ఉంచుకునే సూదిమందు తనే తొడకు పొడుచుకుంది కాబట్టి బతికింది.

గురువారం పొద్దున ఆ యజమాని ఎందుకమ్మ ఆఫీసు మెట్లు ఎక్కాడు.

*

ఎందుకమ్మ ఆమె అసలు పేరు కాదు. ఆరో తరగతిలో లెక్కల మాస్టారు పెట్టిన పేరు. "దేన్నీ సున్నాతో భాగించకూడదు" అని ఆయన చెబితే వెనక బెంచీ నుంచి "ఎందుకు?" అంది. చెప్పాక మళ్లీ "ఎందుకు?" అంది. గంట కొట్టేదాకా వదల్లేదు. పిల్లలు నవ్వారు కానీ, మాస్టారు ఇంటికి పోయి పుస్తకాలు తిరగేయాల్సి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఆ పేరే డిటెక్టివ్ ఆఫీసు తలుపు మీద బోర్డయింది. ఆ మాస్టారే ఇప్పుడు ఆమెకు సహాయకుడు.

ఆయన రిటైరై మూడేళ్లు. భార్య పోయి ఎనిమిది నెలలు. పరామర్శకు రావలసినవాళ్లంతా వచ్చి వెళ్లాక ఒకరోజు ఎందుకమ్మ వచ్చింది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "నా రాత నాకే అర్థం కావట్లేదు మాస్టారూ. కుదురుగా రాసిపెట్టే మనిషి కావాలి. సోమవారం నుంచి రండి," అంది. ఆయన వచ్చారు. వస్తూ వస్తూ ఒక పాత నల్లబల్ల తెచ్చుకున్నారు. ప్రతి కేసూ దాని మీద రెండు వరసల్లో రాస్తారు. ఎడమ పక్క 'తెలిసినవి', కుడి పక్క 'మిగిలినవి'. కుడి పక్క ఖాళీ అయిన రోజు కేసు ముగిసినట్టు.

యజమాని నలభై ఏళ్ల బొద్దుమనిషి. కుర్చీలో కూర్చుని గ్లాసెడు నీళ్లు తాగి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాడు.

"నా నోట్లో నువ్వుగింజ నానదని మా అక్క తిడుతుంది. కానీ చెప్పక ఏం చెయ్యనండీ? కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా బతుకు."

"ఆ అమ్మాయికి పడనిది ఏమిటి?"

"అదే. నువ్వులు."

ఎందుకమ్మ నవ్వు ఆపుకుంది. "అయితే ఈ కేసులో నువ్వుగింజ ఎక్కడా నానకూడదు లెండి. మీ వంటింట్లో నువ్వులు వాడతారా?"

"వాడేవాళ్లం. రెండేళ్ల కిందట ఆ అమ్మాయి మొదటిసారి వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడి ఇదే మాట అడిగింది. మా వంటాయన గరిటెతో బయటికొచ్చి 'వాడతాం. రేపట్నుంచి వాడం' అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి నువ్వులు లేవు, నూనె లేదు. పచ్చ కొక్కెం పెట్టిందీ, పచ్చ బాణలి కొనిపించిందీ ఆయనే. వండేది ఆయనే, బల్ల దగ్గరికి తెచ్చి పెట్టేదీ ఆయనే. సర్వర్లను ఆ కంచం ముట్టుకోనివ్వడు."

"ఆదివారం ఆమెకు పడనిది నువ్వులేనని తేలిందా?"

"మిగిలిన అన్నం పరీక్షకి పంపాను. నువ్వుల జాడ ఉందని నిన్న కాగితం వచ్చింది. కొంచెమే, కానీ ఉంది." అతని గొంతు తగ్గింది. "హోటల్లో సగం మా అక్కది. వంటాయన్ని శనివారంలోగా పంపించెయ్యమంటోంది. నిప్పు లేనిదే పొగ రాదంటోంది. ఆయన ఒక్కమాట ఎదురు చెప్పలేదండీ. తన కత్తులు గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు. పదిహేనేళ్ల మనిషి. ఈ మచ్చతో బయటికెళ్తే ఇంకే వంటింట్లోనూ కాలు పెట్టనివ్వరు."

మాస్టారు నల్లబల్ల మీద ఎడమ పక్క రాశారు: 'వంటింట్లో నువ్వులు లేవు.' దాని కిందే రాశారు: 'అన్నంలో నువ్వులు ఉన్నాయి.' రెండూ చూసి, సుద్దముక్క పట్టుకుని కాసేపు నిలబడిపోయారు.

"లెక్క తప్పిందా మాస్టారూ?" అంది ఎందుకమ్మ.

"లెక్క ఎప్పుడూ తప్పదమ్మా. మనం ఏదో అంకె రాయడం మరిచిపోయుంటాం."

*

హోటలు వంతెన దిగగానే మూల మీద ఉంది. పన్నెండు బల్లలు. వంటింట్లో ఆవిరి, కాగుతున్న చారు వాసన, ఎప్పుడూ తడిగా ఉండే నేల. గోడల మీద చెమ్మ దిగి, తలుపు గొళ్లెం కూడా ఎర్రగా తుప్పు పట్టి ఉంది.

వంటాయన్ని అందరూ భీముడంటారు. చూస్తే చీపురుపుల్ల. గాలి గట్టిగా వీస్తే పొయ్యి దగ్గర ఎవరైనా పట్టుకోవాలేమో అనిపించింది మాస్టారికి.

"నేనే వండాను," అన్నాడు భీముడు. "ఉల్లిపాయ, క్యారెట్టు, బీన్సు, అన్నం, ఉప్పు, పొద్దుతిరుగుడు నూనె. కత్తి వేరే, పలక వేరే, గరిటె వేరే. నేనేం తప్పు చేశానో నాకు తెలీదు. చేసేవుంటాను. నా చేతి అన్నం తిని ఆ పిల్ల కింద పడింది. స్ట్రెచరు వెనకాల గరిటె పట్టుకునే పరిగెత్తాను."

"బాణలి వాడే ముందు కడిగారా?"

"కడగను. కడిగితే ఆ సింకులో వేరేవాటి జిడ్డు తగలదూ? మా పద్ధతేంటంటే, పని అయ్యాక దాన్ని విడి తొట్టిలో కడిగి కొక్కేనికి పెట్టడం. ఆ తర్వాత ఎవరూ ముట్టరు. కొక్కెం నుంచి నేరుగా పొయ్యి మీదికే."

"పాత బాణలి కూడా అంతేనా?"

"అంతే. కొన్న రోజు నుంచి దాన్లో పాలచుక్క పడలేదు, గుడ్డు పడలేదు, ఒక్క గింజ పడలేదు. ఎవరికి ఏది పడదో మనకేం తెలుసు? అందుకని అన్నీ దూరమే."

అతని వెనక గోడకు ఒక పట్టిక అంటించి ఉంది. ఎవరికి ఏవి ప్రమాదమో, ఏ పాత్రలు ముట్టకూడదో పెద్ద అక్షరాల్లో రాశారు. మాస్టారికి ముచ్చటేసింది. ఒక్క అక్షరదోషం కూడా లేదు.

ఎందుకమ్మ కొత్త బాణలి దగ్గరికి వెళ్లింది. ఆదివారం సాయంత్రం కడిగి పెట్టిన తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదన్నారు. నల్లగా నిగనిగలాడుతోంది. ఆమె చూపుడువేలితో లోపల ఒకసారి రాసింది. వేలు చూసుకుంది. తన తెల్ల రుమాలుకు తుడుచుకుని దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

అక్కయ్య ముందు గదిలో, తలుపు పక్క పెద్ద కుర్చీలో ఉంది. వచ్చేవాళ్లను పలకరించడం, సర్వర్లను కేకలేయడం ఆమె పని. రెండూ ఒకే గొంతుతో చేస్తుంది.

"డిటెక్టివులెందుకమ్మా దీనికి? పెట్టినవాడి చేతిలోనే ఉంది తప్పు. నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా, మా తమ్ముడు వింటేగా! అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ."

"బాణలి పోయినప్పుడు మీరు ఇక్కడే ఉన్నారా?"

"శుక్రవారమా? మధ్యాహ్నం ఇంటికెళ్లాను. వియ్యాలవారొచ్చారు." ఆమె పమిట సర్దుకుంది. "అయినా బంగారం లాంటి బాణలి. అలాంటిది మళ్లీ దొరుకుతుందా? ఇంత మందం అడుగు. పాలు పోసి పొయ్యి మీద మరిచిపోయినా అడుగంటదు. ఎవడి కళ్లు పడ్డాయో!"

"అవును, ఎవరి కళ్లో పడ్డాయి," అంది ఎందుకమ్మ మర్యాదగా.

వంటింటి వెనక, మూడు మెట్ల కింద, గిన్నెలు కడిగే వసారా. అక్కడ గిన్నెలత్త పీట మీద కూర్చుని, తన ఎత్తున్న గిన్నెల గుట్టతో ఒంటరిగా యుద్ధం చేస్తోంది. అరవై ఏళ్లు దాటిన మనిషి. వీళ్లను చూసి చేతులు తుడుచుకుంటూ లేచింది.

"కూర్చో అత్తా. ఆ పచ్చ టేపు బాణలి కడిగింది నువ్వేనా?"

"నేను కాక ఎవరమ్మా? శనివారం కొట్టు నుంచి రాగానే తోమాను. ఆదివారం మళ్లీ తోమాను. విడి తొట్టిలోనే, విడి పీచుతోనే. దాన్ని నా కన్నబిడ్డలా చూశాను."

"ఎందుకు అంత ప్రేమ?"

"మరి అది ఎవరో పెద్దమనిషి గిన్నె కదా? దానికో కొక్కెం, గోడకి రంగూ. మంత్రిగారో ఎవరో వస్తారనుకున్నా." ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది. "ముప్పై ఏళ్లుగా చేస్తున్నా. నా చేతికిందికొచ్చిన గిన్నె ఒక్కటీ పాడవలేదు."

"పైకి వంటింట్లోకి వెళ్తావా?"

"అయ్యో, లేదమ్మా! కడిగేవాళ్లు ఆ మెట్లెక్కకూడదు, వంట సామాను ముట్టకూడదు. భీముడి ఆర్డరు. నేను మాట దాటను."

మాస్టారి చూపు ఆమె చేతుల మీద ఆగింది. ముప్పై ఏళ్లు సబ్బునీళ్లలో నానిన చేతులు పగిలి ఉండాలి. ఇవి చంటిపిల్ల చెంపల్లా ఉన్నాయి. కిటికీ గట్టు మీద సబ్బుల వెనక ఒక చిన్న సీసా ఉంది, లేబులు లేనిది.

"అదేమిటమ్మా?"

"చేతులకి రాసుకునే మందు నాయనా. మా ఊరి నుంచి మా చెల్లెలు పంపిస్తుంది. అది లేకపోతే ఈ పని ఎప్పుడో మానేసేదాన్ని."

*

లైబ్రరీలో ఆ అమ్మాయి నిచ్చెన మీద నిలబడి పుస్తకాలు సర్దుతోంది. ఇరవై ఆరేళ్లుంటాయి. కిందికి దిగి, బల్ల మీద ఉన్న టిఫిను డబ్బాను పక్కకు జరిపింది.

"మళ్లీ దీని దగ్గరికే వచ్చేశానండీ," అంది నవ్వుతూ. "మా చుట్టాల పెళ్లి ఫొటోలు చూడండి. అన్నింట్లో నా చేతిలో డబ్బా ఉంటుంది. పెళ్లికొడుకు మారతాడు, డబ్బా మారదు."

మాస్టారు నవ్వారు. చాలా రోజులకు తన నవ్వు తనకు వినిపించింది.

"ఆ హోటలే ఎందుకమ్మా?" అంది ఎందుకమ్మ.

"ఇరవై నాలుగేళ్లు బయట ఎక్కడా కంచంలో తినలేదు. మొదటిసారి ఆయన కంచం తెచ్చి పెట్టినప్పుడు, వేడిగా ఉంది. డబ్బాలో అన్నం ఎప్పుడూ చల్లారిపోయే ఉంటుంది కదా. అందుకు." ఆమె డబ్బా మూత తిప్పుతూ ఉంది. "భీముడన్నని పంపేస్తున్నారటగా? వద్దని చెప్పండి. కానీ నన్ను మళ్లీ అక్కడ తినమని మాత్రం అడక్కండి. ఆయన మీద నమ్మకం పోలేదు. నా గొంతుకి భయం పోలేదు, అంతే."

తిరిగి వస్తూ ఇద్దరూ వంతెన ఎక్కారు. మాస్టారు నడుస్తూనే అన్నారు.

"ఆ ఇనుప బాణలి చూస్తే సిగ్గేసిందమ్మా. ఆ తడిలో కూడా ఎలా ఉంది చూశావా! మా ఇంట్లో కూడా ఉంది ఒకటి. ఆవిడ పోయిన వారానికి ఏదో వండుకుందామని తీశాను. కడిగి బోర్లించాను. మర్నాటికే ఎర్రగా తుప్పు. ఆవిడ ఉన్నప్పుడు ఇరవై ఏళ్లలో ఒక్క మచ్చ ఎరగదు."

ఎందుకమ్మ ఆగింది. "ఆవిడ ఏం చేసేవారు మాస్టారూ, కడిగాక?"

ఆయన నీళ్ల వైపు చూశారు.

"తెలీదమ్మా. నేనెప్పుడూ చూడలేదు."

ఎందుకమ్మ సంచిలోంచి రుమాలు తీసి విప్పింది. తెల్లగుడ్డ మీద వేలంత మేర పసుపుపచ్చని మరక. వాసన చూసింది. మాస్టారి ముక్కు దగ్గర పెట్టింది. ఆయనకు అందులో ఏదో తెలిసిన వాసన తగిలింది కానీ ఏమిటో అందలేదు.

"మీరు రాయడం మరిచిపోయిన అంకె దొరికింది మాస్టారూ. శనివారం మూడు గంటలకి అందర్నీ పిలుద్దాం. మీరు మాత్రం నల్లబల్ల తీసుకురావద్దు, మోయలేక చస్తాం."

*

శనివారం మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక, కిటికీ పక్క బల్ల చుట్టూ అందరూ చేరారు. యజమాని నిలబడే ఉన్నాడు. అక్కయ్య తన కుర్చీ తెప్పించుకుంది. భీముడు గుడ్డలో చుట్టిన కత్తులు ఒళ్లో పెట్టుకుని చివర కూర్చున్నాడు. గిన్నెలత్తను పైకి రమ్మంటే మెట్ల దగ్గరే ఆగిపోయింది. భీముడే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. లైబ్రరీ అమ్మాయి డబ్బాతో సహా వచ్చింది. బల్ల మధ్యలో ఇనుప బాణలి.

"రెండేళ్లలో నూరు ఆదివారాలు ఈ అమ్మాయి ఇక్కడ తిన్నది," అని మొదలుపెట్టింది ఎందుకమ్మ. "ఏమీ కాలేదు. నూటొకటో ఆదివారం అయింది. మనిషి మారలేదు, కూర మారలేదు, నూనె మారలేదు. మారింది ఒక్కటే. బాణలి. కాబట్టి ముందు పాత బాణలి సంగతి చూద్దాం. అక్కయ్యగారూ, పాలు పోసి మరిచిపోయినా అది అడుగంటదన్నారు మీరు."

"అన్నాను. అయితే?"

"కొన్న రోజు నుంచి దాన్లో పాలచుక్క పడలేదని భీముడుగారు చెప్పారు. ఈ వంటింట్లో పాలు ఎరగని బాణలిలో పాలు అడుగంటవని మీకెలా తెలిసింది?"

అక్కయ్య తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసింది.

"అక్కా?" అన్నాడు యజమాని.

"ఏంట్రా అక్కా, అక్కా అని! వియ్యాలవారొచ్చారు, మా ఇంట్లో గిన్నె అడుగంటి మాడు వాసన. పరువు పోతుందని పరిగెత్తుకొచ్చాను. ఇది చూస్తే ఊరికే వేలాడుతోంది! ఒక్క పూటే కదా, సాయంత్రం తెచ్చి పెట్టేద్దామనుకున్నా. వచ్చేసరికి నువ్వు ఇల్లు పీకి పందిరేస్తున్నావు. ఎలా చెప్పను?" అని, చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "మా అటక మీదుంది."

"చెప్పకపోగా నెపం భీముడి మీదకి తోశావా!"

"తోయలేదు. జారింది," అంది అక్కయ్య, సగం ఏడుపు గొంతుతో. ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు చూస్తే లైబ్రరీ అమ్మాయే.

"ఊరికే వేలాడుతోందని తీశారు," అంది ఎందుకమ్మ. "అది ఊరికే ఉండడమే దాని పని. సరే, తర్వాత. యజమానిగారు స్టీలుకి బదులు ఇనుము తెచ్చారు. ఇనుముకి ఒక గుణం ఉంది. ఈ వంటింట్లో తలుపు గొళ్లెం కూడా తుప్పు పట్టింది. ఆదివారం కడిగిన కొత్త ఇనుప బాణలి గురువారానికి కూడా అద్దంలా ఉంది. ఎందుకు?"

మాస్టారికి వెనక బెంచీ గుర్తొచ్చింది.

"అత్తా," ఆమె గొంతు మెత్తబడింది. "ఇనుప బాణలి కడిగాక నువ్వేం చేస్తావు?"

గిన్నెలత్త ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "తుడిచి నూనె రాస్తాను. రాయకపోతే తుప్పు పట్టదూ? ఏ ఇంటి ఇల్లాలిని అడిగినా చెప్తుంది."

మాస్టారు తల దించుకున్నారు. ఇరవై ఏళ్లు. అంత చిన్న పని.

"ఏ నూనె రాశావు? వంటనూనె పైన ఉంటుంది. నువ్వు మెట్లెక్కవు."

"ఎక్కను! అందుకే నాదే రాశాను. నా చేతులకి రాసుకునే..." అత్త మాట అక్కడ తెగింది. ఎందుకమ్మ ఆ చిన్న సీసా మూత తీసి బల్ల మీద పెట్టింది. ఈసారి మాస్టారు వాసన పట్టారు. గానుగలో ఆడించిన నువ్వుల నూనె.

భీముడు లేచి నిలబడ్డాడు. కత్తుల మూట కింద పడింది.

"నిగనిగలాడుతుంటే కొత్తదాని మెరుపనుకున్నాను," అన్నాడు మెల్లగా. "కడిగి ఉంటే అయిపోయేది."

"మీ పద్ధతి స్టీలుకి సరిపోయింది. ఇనుము వచ్చిన రోజు దాన్ని మళ్లీ ఆలోచించాల్సింది," అంది ఎందుకమ్మ. "అది మీ వంతు. దాచింది అక్కయ్యగారి వంతు. ఇంత పెద్ద పట్టిక పైన గోడకి పెట్టి, కింద వసారాలో కూర్చునే మనిషికి ఒక్కముక్క చెప్పకపోవడం యజమానిగారి వంతు. మాట దాటని మనిషి మాట ప్రకారమే నడిచింది. ఆ మాట ఎందుకో ఆమెకెవరూ చెప్పలేదు."

గిన్నెలత్త లైబ్రరీ అమ్మాయి దగ్గరికి వెళ్లింది. ఆమె చేతులు పట్టుకోబోయి, తన చేతులు చూసుకుని చటుక్కున వెనక్కి లాక్కుంది.

"నువ్వులు పడవని నాకెవరు చెప్పారమ్మా? మంత్రిగారి గిన్నె అనుకున్నాను. నీదని తెలిస్తే..."

"ఏడవకత్తా. నన్ను మంత్రిని చేసింది నువ్వొక్కదానివే," అంది ఆ అమ్మాయి. ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి, నవ్వూ ఉంది. "చేతులు కడుక్కుని రా. అప్పుడు పట్టుకుందువుగాని."

అత్త గబగబా మెట్లు దిగింది. మూడుసార్లు సబ్బు రాసుకుని వచ్చింది. భీముడు కింద పడ్డ మూట తీసి, కత్తులు ఒక్కొక్కటే విప్పి వాటి చోట పెట్టుకున్నాడు. అక్కయ్య ఎవరూ అడగకుండానే ఇంటికి బయల్దేరింది. అరగంటలో బాణలితో వచ్చి, తలెత్తకుండా భీముడి చేతికిచ్చింది.

"పాలు మరిగించిన బాణలి ఇక దీనికి పనికిరాదమ్మా," అన్నాడు భీముడు. "మీరే ఉంచుకోండి. వియ్యాలవారు మళ్లీ వస్తారుగా."

*

నెల తిరిగింది. వంటింట్లో ఇప్పుడు కొత్త స్టీలు బాణలి అద్దాల బీరువాలో ఉంది. తాళంచెవి భీముడి మెడలో. వండే ముందు దాన్ని విడి తొట్టిలో ఇంకోసారి కడుగుతాడు. పట్టిక ఒకటి కింద వసారాలోనూ అంటించారు. అత్తకు చదవడం రాదని తెలిసి మాస్టారు నాలుగు మధ్యాహ్నాలు వెళ్లి ఆ పట్టిక వరకూ నేర్పారు. ఆమె చేతులకు డాక్టరు వేరే పూత రాసిచ్చాడు. వాసనే లేదు, ఇదేం మందు అని గొణుగుతూ రాసుకుంటోంది. గుమ్మం దగ్గర అక్కయ్య ఇప్పుడు కేకలేసే మొదటి ప్రశ్న: "మీకు పడనిదేమైనా ఉందా? మొహమాటపడకుండా చెప్పండి!" వచ్చినవాళ్లు బెదిరిపోయి లేని అలర్జీలు కూడా చెబుతున్నారని యజమాని వాపోయాడు.

ఒక ఆదివారం మాస్టారు తన ఇంట్లో తుప్పు పట్టిన బాణలిని రెండు గంటలు తోమారు. తుడిచారు. నాలుగు చుక్కల నూనె వేసి గుడ్డతో చుట్టూ రాశారు. మర్నాడు పొద్దున్నే లేచి చూశారు. నల్లగానే ఉంది.

ఆఫీసుకు వచ్చి నల్లబల్ల తుడవడానికి గుడ్డ తీశారు.

"ఆగండి మాస్టారూ," అంది ఎందుకమ్మ. "ఎందుకు తుడుస్తున్నారు?"

"కేసు అయిపోయిందిగా."

"నిన్న హోటలుకి వెళ్లాను. ఆ అమ్మాయి వచ్చింది. కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చుంది. అత్తతో కబుర్లు చెప్పింది. భీముడు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డబ్బా తీసి, చల్లన్నం తిని, వెళ్లిపోయింది."

మాస్టారు గుడ్డ పక్కన పెట్టారు. సుద్దముక్క తీసుకుని కుడి పక్క, 'మిగిలినవి' కింద, గుండ్రటి అక్షరాలతో రాశారు: 'ఆ అమ్మాయి అక్కడ కంచంలో వేడన్నం తినాలి.'

అది ఇంకా జరగలేదు.